భయపడినవాణ్ణి ఇంటికి పంపమంది వాక్యం

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం మీద మీరు ఎప్పుడైనా ప్రసంగం విన్నారా? మొదటి నాలుగు వచనాల మీద విని ఉంటారు. శత్రువుల గుర్రాలనూ రథాలనూ చూసి బెదరవద్దని యాజకుడు సైన్యానికి ధైర్యం చెప్పే భాగం అది. కన్వెన్షన్లలో ఆ మాటలకు చప్పట్లు బాగా పడతాయి. అయిదో వచనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన ప్రసంగీకులు బైబిలు మూసేస్తారు.

అయిదో వచనం నుంచి ఏముంది? యుద్ధానికి ముందు నాయకులు సైన్యం ఎదుట నిలబడి నాలుగు ప్రశ్నలు అడగాలి. కొత్త ఇల్లు కట్టుకుని ఇంకా అందులో చేరనివాడు ఉన్నాడా? ద్రాక్షతోట వేసి ఇంకా పండు తిననివాడు ఉన్నాడా? పిల్లను ప్రధానం చేసుకుని ఇంకా పెళ్లాడనివాడు ఉన్నాడా? చివరికి, భయంతో గుండె జారిపోయినవాడు ఉన్నాడా? ఈ నలుగురిలో ఎవరైనా సరే ఇంటికి వెళ్లిపోవచ్చు. గిద్యోను ఆ చివరి ప్రశ్న అడిగినప్పుడు 32,000 మందిలో 22,000 మంది లేచి వెళ్లిపోయారు (న్యాయాధి. 7:3). వాళ్లను ఎవరూ రాళ్లతో కొట్టలేదు. పిరికివాళ్లని ముద్ర వేయలేదు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో, అంటే 1914 నుంచి 1918 దాకా, బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికుల్లోనే 306 మందిని పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద కాల్చి చంపింది. తెల్లవారుజామున కొయ్యకు కట్టి, గుండెకు ఎదురుగా తెల్లటి గుడ్డముక్క గుచ్చి, చాలాసార్లు వాళ్ల తోటి సైనికుల చేతే కాల్పించారు. ఆ సైన్యం కొలిచే రాజు క్రైస్తవ రాజు. శిక్ష పడినవాడి పక్కన ఆ చివరి రాత్రి కూర్చుని ప్రార్థన చేసింది సైన్యంలోని పాదిరి.

వాక్యం ఇంటికి పంపమన్నవాణ్ణి క్రైస్తవ సామ్రాజ్యం కొయ్యకు కట్టింది. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరం గురించే మేము మాట్లాడదలిచాము. సంఘం యుద్ధం గురించి చాలా మాట్లాడింది. యుద్ధం చేసినవాడి మాట మాత్రం ఎన్నడూ వినలేదు. విని ఉంటే ఇంత తేలిగ్గా యుద్ధ గీతాలు పాడేది కాదు.

సామాన్య సైనికుడు అసలు ఏం చూశాడు? ఒక్క రోజు తీసుకుందాం. 1916 జులై 1, ఫ్రాన్సులో సోమ్ నది ప్రాంతం. అంతకుముందు వారం రోజులు బ్రిటిష్ ఫిరంగులు దాదాపు పదిహేను లక్షల గుండ్లు కురిపించాయి. జర్మన్ కందకాల్లో ఎవరూ బతికి ఉండరనీ, ముళ్ల కంచెలు తెగిపోయి ఉంటాయనీ పై అధికారులు నమ్మారు, సైనికులనూ నమ్మించారు. ఉదయం ఏడున్నరకు ఈలలు మోగాయి. ఒక్కొక్కడి ఒంటి మీద పాతిక ముప్ఫై కిలోల బరువు. చాలా దళాలను వరుసలుగా నడిచి వెళ్లమన్నారు. జర్మన్లు లోతైన నేలమాళిగల్లో బతికే ఉన్నారు. చాలాచోట్ల కంచెలు తెగనే లేదు. సాయంత్రానికి బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు. అందులో మరణించినవాళ్లు 19,240 మంది. ఒక్క రోజులో. ఆ యుద్ధం నవంబరు 18 దాకా సాగింది.

ఇంత చెప్పినా ఇది సైనికుడి అనుభవంలో చిన్న భాగమే. యుద్ధమంటే ఎక్కువ భాగం ఎదురుచూపు. మోకాలి లోతు బురదలో రోజుల తరబడి నిలబడడం. తడిసిన బూట్లలో పాదాలు కుళ్లిపోవడం. బట్టల కుట్లలో పేలు, ఆ పేల వల్ల వచ్చే జ్వరం. శవాలు తిని బలిసిన ఎలుకలు. నిద్ర లేకపోవడం. అన్నిటికీ మించి పైనుంచి పడే గుండు. ఆ యుద్ధంలో చచ్చినవాళ్లలో, గాయపడినవాళ్లలో సగానికి పైగా ఫిరంగి దెబ్బకే పోయారు. దాన్ని పేల్చినవాడు మైళ్ల దూరంలో ఉంటాడు. కనబడడు. అతనితో తలపడడానికి వీల్లేదు. గుండు పడేటప్పుడు చేయగలిగిందల్లా గోడకు ఆనుకుని ముడుచుకుని కూర్చోవడమే. పక్కవాడు పోయాడు, నువ్వు మిగిలావు. ఎందుకు? నువ్వు వీరుడివని కాదు, వాడు పిరికివాడనీ కాదు. ఆ గుండు రెండు గజాలు అటు పడింది, అంతే.

వీరత్వం గురించి మనం చెప్పుకునే కథలన్నీ ఇక్కడే కూలిపోతాయి. గొల్యాతు ముందు దావీదు నిలబడినట్టు నిలబడడానికి అక్కడ గొల్యాతు లేడు.

ఆ కూర్చోవడం మనుషులను లోపల విరగ్గొట్టింది. ఒంటి మీద గాయం లేనివాళ్లు వణుకుతూ, మాట పడిపోయి, చూపు పోయి, నడవలేక ఆసుపత్రులకు రావడం మొదలైంది. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఈ స్థితి గురించి రాస్తూ ‘షెల్ షాక్’ అన్న పేరు వాడాడు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ సైన్యంలోనే ఇలాంటివాళ్లు 80 వేల దాకా తేలారు. ఇందులోనూ పెద్దింటి బిడ్డకు ఒక న్యాయం, కూలివాడి బిడ్డకు ఒక న్యాయం. అదే జబ్బు ఆఫీసరుకు వస్తే నరాల బలహీనత అన్నారు, విశ్రాంతి గృహానికి పంపారు. సిపాయికి వస్తే హిస్టీరియా అన్నారు, లేదా దొంగ ఏడుపు అన్నారు.

హ్యారీ ఫార్ అనే సామాన్య సైనికుడి సంగతి చూడండి. షెల్ షాక్‌తో 1915లో అయిదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి ఎంత వణికేదంటే భార్యకు ఉత్తరం నర్సు రాసిపెట్టాల్సి వచ్చేది. అతణ్ణి మళ్లీ సోమ్‌కు పంపారు. 1916 సెప్టెంబరులో ఇక ముందుకు నడవలేనన్నాడు. విచారణ దాదాపు ఇరవై నిమిషాల్లో ముగిసింది. అతని తరఫున మాట్లాడినవాడు లేడు. అక్టోబరు 16న కాల్చి చంపారు. వయసు 25. కళ్లకు గంతలు వద్దన్నాడు. పిరికివాడని చంపినవాడు తుపాకుల వైపు సూటిగా చూస్తూ చచ్చాడు! భార్యకు పింఛను ఆపేశారు. కూతురు ముసలిదయ్యేదాకా పోరాడితే, 2006లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో అతనికీ మిగతావాళ్లకూ క్షమాభిక్ష దొరికింది. తొంభై ఏళ్లు ఆలస్యంగా.

‘అలా శిక్షించకపోతే సైన్యం నిలుస్తుందా?’ అంటారు కొందరు. అదే యుద్ధంలో, అదే కందకాల్లో ఆస్ట్రేలియా సైనికులు పోరాడారు. తన సైనికుల్లో ఒక్కణ్ణి కూడా ఇలా చంపడానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ సైన్యం కూలిపోలేదు.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఆ యుద్ధంలో భారతదేశం నుంచి పదమూడు లక్షల మంది దాకా పనిచేశారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరు చివర మార్సేల్ ఓడరేవులో దిగిన మన సిపాయిలు పలుచని నూలు దుస్తుల్లో ఉన్నారు. యూరప్ చలికాలాన్ని ఆ బట్టలతోనే ఎదుర్కొన్నారు. 1915 మార్చిలో నవ్ షపెల్ ఊరి మీద జరిగిన దాడిలో సగం బలం మనవాళ్లే. సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు నేడు ఆ ఊళ్లో గోడ మీద ఉన్నాయి. ఒకసారి గాయపడితే మన వంతు తీరినట్టేనని సిపాయి అనుకునేవాడు. గాయం మానగానే మళ్లీ కందకానికే పంపారు. ఇంటికి రాసే ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివేవారు. అందుకని, తెల్ల సైనికులనూ నల్ల సైనికులనూ ఎర్ర మిరియాలు, నల్ల మిరియాలు అని మారుపేర్లతో రాసి, నల్లవి అయిపోతున్నాయని చెప్పుకున్నవాళ్లు ఉన్నారు. తమ్ముణ్ణి పట్టాలెక్కనివ్వకండి అని గుట్టుగా చెప్పే దారి అది. వీరగాథ రాయడానికి వాళ్లకు తీరిక లేదు.

సిపాయి బతుకు తెలుగువాళ్లకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అనేవారు. మన పేరే కూలి సైనికుడికి పేరైంది. కంపెనీ జీతానికి ముందుగా తుపాకీ పట్టినవాళ్లలో మన తీరంవాళ్లు అంతమంది ఉన్నారు. ఇప్పటికీ మద్రాసు సాపర్స్ కేంద్రం బెంగళూరులోనే ఉంది. మీరు బెంగళూరులో ఉంటే బ్రిగేడ్ రోడ్డులో యుద్ధ స్మారక స్తంభం పక్కనుంచే బజారుకు వెళ్తారు. చెన్నైలో ఉంటే కోటకు దక్షిణాన బీచ్ రోడ్డు మొదట్లో విజయ స్మారకం చూస్తారు. యానాం నుంచి పనిమీద పుదుచ్చేరి వెళ్లేవాళ్లకు సముద్రపు ఒడ్డున ఫ్రెంచి యుద్ధ స్మారకం కనిపిస్తుంది. ఫ్రాన్సు కోసం చనిపోయిన ఫ్రెంచి ఇండియావాళ్ల గుర్తు అది. వాటి ముందు సెల్ఫీలు దిగుతాం. ఆ రాళ్ల వెనుక ఉన్నవాళ్లు ఎవరి కోసం, ఎవరి పొలం కోసం, ఎంత జీతానికి చచ్చారో అడగం.

బైబిల్లో ఈ సిపాయికి ఒక పేరుంది. హిత్తీయుడైన ఊరియా. పరాయి జాతివాడు, రాజు సైన్యంలో నమ్మినబంటు. తోటి సైనికులు బయట గుడారాల్లో పడుకుంటే తాను ఇంట్లో సుఖపడనన్నవాడు. రాజు తన పాపం కప్పిపుచ్చుకోవడానికి అతని చావు ఉత్తరం అతని చేతికే ఇచ్చి పంపాడు. పోరు మహా గట్టిగా ఉన్నచోట నిలబెట్టి వెనక్కి తగ్గమన్నాడు. వార్త వచ్చాక, యుద్ధమన్నాక ఇలాంటివి మామూలేనన్నట్టు సేనాధిపతికి ధైర్యం చెప్పి పంపాడు. ఈ కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం! అన్నీ దావీదు గురించే, బత్షెబ గురించే. ఊరియా తరఫున ఒక్క ప్రసంగం విన్నామా? మత్తయి మాత్రం మరిచిపోలేదు. యేసుక్రీస్తు వంశావళిలోనే ఆ సిపాయి పేరు నిలిపాడు (మత్తయి 1:6).

సైనికుడి గాయం చావు భయం ఒక్కటే కాదు. చంపడం ఇంకో గాయం. దీన్ని మనం అసలు తలవం. గడ్డి కూరిన గోనెసంచులను బాయినెట్లతో పొడిపించి, అరిపించి, చంపడం నేర్పాల్సి వచ్చిందంటే అర్థమేమిటి? మామూలు మనిషికి అది రాదు. 1914 క్రిస్మస్ నాడు పశ్చిమ రణరంగంలో చాలాచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు తుపాకులు దించి కందకాలు దాటి వచ్చి చేతులు కలిపారు, చనిపోయినవాళ్లను పాతిపెట్టుకున్నారు, పొగాకు మార్చుకున్నారు. వాళ్లకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఇలాంటిది మళ్లీ జరగకూడదనే ఆజ్ఞ మాత్రం పైనుంచి వచ్చింది.

ఇప్పుడు మనస్తత్వ నిపుణులు దీన్ని నైతిక గాయం అంటున్నారు. పాత సంఘానికి ఈ సంగతి పేరు లేకుండానే తెలుసు. మిద్యానీయుల యుద్ధం నుంచి వచ్చినవాళ్లలో మనిషిని చంపిన ప్రతివాడూ ఏడు రోజులు పాళెం వెలుపల ఉండి శుద్ధి చేసుకోవాలని మోషే చెప్పాడు (సంఖ్యా. 31:19). నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బసిలు యుద్ధంలో చంపినవాళ్లు మూడేళ్లు ప్రభువు బల్లకు దూరంగా ఉంటే మంచిదన్నాడు. 1066లో హేస్టింగ్స్ యుద్ధం గెలిచిన నార్మన్ సైనికులకు వాళ్ల సొంత బిషప్పులే ప్రాయశ్చిత్తం విధించారు. చంపిన ఒక్కొక్కరికి ఒక్కొక్క సంవత్సరం. ఎంతమందిని చంపాడో తెలియనివాడికి బతికినంతకాలం వారానికి ఒక రోజు. గెలిచినవాళ్లకు, పోపు దీవెనతో వెళ్లినవాళ్లకు! ఆ నియమాలను మళ్లీ తెమ్మని మేము అనడం లేదు. రక్తం చిందించిన చేయి ఇంటికి వచ్చాక కూడా వణుకుతుందని వాళ్లకు తెలుసు. ఆ వణుకు దేవుని ముందు పెట్టుకోవడానికి ఒక చోటు ఉంచారు. మనం సన్మానం చేసి, శాలువా కప్పి పంపేస్తున్నాం.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి సంఘం ఆ తెలివి పోగొట్టుకుంది. జర్మన్ సైనికుడి నడుం పటకా మీద దేవుడు మాతో ఉన్నాడని చెక్కి ఉండేది. ఎదుటి గట్టున లండన్ బిషప్ విన్నింగ్టన్ ఇంగ్రామ్ 1915లో జర్మన్లను చంపడం లోకరక్షణ కోసమేనన్నట్టు ప్రసంగించాడు. 1914 అక్టోబరులో తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది జర్మన్ మేధావులు ఒక ప్రకటన విడుదల చేశారు. దాని మీద సంతకం పెట్టినవాళ్లలో మహా వేదాంతి హార్నాక్ ఉన్నాడు. ఆయన దగ్గర చదువుకున్న కార్ల్ బార్త్ తన గురువుల పేర్లు అందులో చూసి నిర్ఘాంతపోయాడు, వాళ్ల వేదాంతాన్నే అనుమానించడం మొదలుపెట్టాడు. రెండు గట్ల మీదా ఒకే బైబిలు, ఒకే బాప్తిస్మం, ఒకే ప్రభువు ప్రార్థన. మధ్యలో ముళ్ల కంచె.

వేరే దారి ఎంచుకున్న కాపరి కూడా ఉన్నాడు. స్టడర్ట్ కెనెడీ అనే పాదిరి సైనికులకు సిగరెట్లు పంచుతూ తిరిగి ‘వుడ్‌బైన్ విల్లీ’ అని పేరు తెచ్చుకున్నాడు. 1917లో గుండ్లు పడుతుండగా గాయపడినవాళ్ల కోసం పరుగెత్తి పతకం పొందాడు. మొదట్లో ఆయనా యుద్ధాన్ని సమర్థించినవాడే. కందకంలో సిపాయి పక్కన కూర్చున్నాక మారాడు. 1929లో చనిపోయేదాకా యుద్ధాన్నీ పేదరికాన్నీ ఖండిస్తూ తిరిగాడు. పీఠం మీద నిలబడినవాడికి కనబడనిది బురదలో కూర్చున్నవాడికి కనబడింది.

‘దేశానికి రక్షణ వద్దా? పాస్టర్లు సైనికులను కించపరుస్తారా?’ అని కొందరు యువకులు మమ్మల్ని నిలదీస్తారు. సైనికుణ్ణి గౌరవించడం వేరు, యుద్ధాన్ని పొగడడం వేరు. సైనికుణ్ణి కించపరిచేది అతని భయాన్ని ఒప్పుకున్నవాడు కాదు, ఆ భయాన్ని సినిమా పాటలో ముంచేసినవాడు. ‘బైబిల్లో యుద్ధాలు లేవా?’ అంటారు. ఉన్నాయి. అదే బైబిల్లో, రక్తం విస్తారంగా చిందించావు గనుక నా మందిరం నువ్వు కట్టవద్దని దేవుడు దావీదుతో అన్నాడు (1 దినవృ. 22:8). దావీదు యుద్ధాలు మనకు గుర్తున్నాయి. ఆ మాట గుర్తు లేదు.

2025 మే నెలలో సరిహద్దు మీద నాలుగు రోజుల పోరు జరిగినప్పుడు ఏమైందో మీరు చూశారు. కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని టీవీ ఛానళ్లు లేని వార్త చెప్పాయి. స్టూడియోలో సైరన్లు మోగించాయి. ఆ వీడియోలు మన సంఘాల వాట్సాప్ గుంపుల్లోనూ ‘ఆమేన్’లతో తిరిగాయి. సోఫాలో కూర్చుని ఆమేన్ అన్నవాళ్లలో ఎంతమంది బిడ్డలు సరిహద్దులో ఉన్నారు? అక్కడికి వెళ్లేది ఎవరి బిడ్డలు? చిన్న కమతం రైతు బిడ్డ, తండా బిడ్డ, పేట బిడ్డ. 2022 నుంచి అగ్నిపథ్ పథకం కింద చేరినవాళ్లలో పాతిక శాతానికి మించి శాశ్వత కొలువు ఉండదు. మిగతావాళ్లు నాలుగేళ్లకే ఇంటికి వస్తారు. చూసినదంతా మనసులో మోసుకుని వస్తారు, పింఛను లేకుండా వస్తారు. వాళ్లు వచ్చే ఆదివారానికి మన సంఘం సిద్ధంగా ఉందా?

మేము అడిగేవి పెద్ద పనులేమీ కావు. మీ సంఘంలో రిటైరైన జవాను ఉంటే జనవరి 26న జెండా పట్టించి వదిలేయకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. ఎంతమందిని చంపావని అడగకండి. అతను మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే మౌనంగా ఉండండి. రాత్రుళ్లు నిద్ర పట్టనివాణ్ణి విశ్వాసం చాలలేదని గద్దించకండి. చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు. వైద్యం అవసరమైతే వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద రాయండి. యూత్ క్యాంపులకు సైనిక దుస్తులు, చెక్క తుపాకులు తీసుకురావడం మానండి. యుద్ధం వచ్చిన ఆదివారం ఇవతలి సైనికుడి తల్లి కోసమూ, అవతలి సైనికుడి తల్లి కోసమూ ఒకే ప్రార్థనలో ఏడవండి. అవతలివాళ్ల పేరు ఎత్తలేని ప్రార్థన శత్రువులను ప్రేమించమన్నవాని నామంలో ఎలా చేస్తాం?

ఈ ఆదివారం ద్వితీయోపదేశకాండము 20 తెరవండి. ఎనిమిదో వచనం దాకా చదవండి. భయపడినవాడు ఇంటికి వెళ్లవచ్చునన్న ఆ మాట బిగ్గరగా చదివి, ఒక్క నిమిషం ఆగండి. ఆ మాట కోసం ఎదురుచూస్తున్నవాడు మీ వెనుక బెంచీలోనే కూర్చుని ఉండవచ్చు.